పడవాయన మునిగిన శుక్రవారం

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాల వేళ మా మనవరాలు గదిలోంచి బయటికి రాలేదు. కోడలు రెండుసార్లు పిలిచింది, కొడుకు ఒకసారి కసిరాడు, ఆఖరికి నేనే మోకాళ్ళు పట్టుకుని లేచి వెళ్ళి చూస్తే పిల్ల మంచం మీద బోర్లా పడుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. డిగ్రీ చదివే పిల్ల అలా ఏడుస్తుంటే ముసలి ప్రాణానికి ఎన్ని అనుమానాలు రావాలో అన్నీ వచ్చాయి. పరీక్ష పోయిందా, స్నేహితురాళ్ళతో మాటా మాటా వచ్చిందా, ఎవడైనా మనసు విరిచాడా అని వీపు నిమురుతూ అడగ్గా అడగ్గా చెప్పింది. ఫోన్లో తాను మూడేళ్ళుగా చూస్తున్న ఒక కథలో, రెక్కల గుర్రాలూ మాట్లాడే అడవులూ ఉండే కథట అది, తనకు ప్రాణమైన ముసలి సేనాపతిని ఎవరూ అనుకోని చోట, రెప్పపాటులో చంపేశారట.

ఈ సంగతి హాల్లోకి చేరగానే మా ఇంట్లో ఒకటే నవ్వులు. లేనోడు సచ్చిపోతే ఉన్నోళ్ళు అన్నం మానేస్తరా అని మా వాడు, తాతయ్య పోయినప్పుడు కూడా ఇంత ఏడవలేదు కదే అని కోడలు. ఎవరినైనా ఆటపట్టించడంలో ఈ పోతిరెడ్డిపల్లి అపార్టుమెంటు మొత్తానికి నాకు పేరుంది, నేనూ ఒక మాట విసురుతానని అందరూ నా వైపు చూశారు. నేను మాత్రం కంచంలో అన్నం కలుపుకుని వెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చుని, ఒక్కొక్క ముద్దా నోట్లో పెడుతూ, ఆ సేనాపతి ఎలాంటివాడో చెప్పవే అని అడిగాను. పిల్ల గంటసేపు చెప్పింది. నేను వింటున్నట్టే కూర్చున్నాను గాని నా మనసు నలభై అయిదేళ్ళ వెనక, పటాన్‌చెరు దగ్గరి ఒక రేకుల షెడ్డులో తిరుగుతోంది.

నా ఈడు వాళ్ళకు వారపత్రికల సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇంటికి ఒక్క పత్రిక వస్తే ముందు నాన్న, తర్వాత అన్న, ఆ తర్వాత పక్కింటివాళ్ళు, ఆఖరికి అట్ట ఊడి, మధ్యలో పప్పు మరక పడి మన చేతికొచ్చేది. మా నానమ్మకు చూపు ఆనేది కాదు కాబట్టి సీరియల్ ఆమెకు పైకి చదివి వినిపించే పని చిన్నప్పటినుంచీ నాదే. రాక్షసుడికి ఒక గొంతు, రాకుమారికి ఒక గొంతు పెట్టి చదివేదాన్ని. చదువు పెద్దగా అబ్బలేదు, ఇంటర్ రెండుసార్లు తప్పి మా నాన్న పరువు సంగారెడ్డి బజార్లో పెట్టాను గాని, గొంతు మాత్రం దేవుడు మంచిదిచ్చాడు. ఆ గొంతే ఒకరి కొంప మీదికి తెస్తుందని అప్పుడు తెలియదు.

ఇంటర్ తప్పినదాన్ని ఇంట్లో కూర్చోబెట్టుకోవడం ఇష్టంలేక మా నాన్న తెలిసినాయన ద్వారా ఒక మందుల కంపెనీలో ప్యాకింగులో చేర్పించాడు. జనం గోలీల కంపెనీ అనేవారు. పొద్దున్నే కంపెనీ బస్సు పాత బస్టాండు దగ్గర ఎక్కించుకుని కంది మీదుగా తీసుకెళ్ళేది. ఇప్పుడు ఆ కంది దగ్గర పెద్ద చదువుల భవనాలు లేచాయి గాని అప్పుడు రోడ్డుకు రెండు వైపులా జొన్న చేలే, కిటికీ పక్క సీటు కోసం మేం జుట్లు పట్టుకునేవాళ్ళం. సాయంత్రం తిరిగొచ్చాక ఎన్ని నీళ్ళు పోసుకున్నా ఒంటికి పట్టిన ఆ మందు వాసన వదిలేది కాదు. పెళ్ళిళ్ళకు పోతే, మల్లెపూలు ఎన్ని పెట్టుకున్నా, గోలీల కంపెనీ పిల్ల వచ్చిందని వెనక వరసలోవాళ్ళు చూడకుండానే చెప్పేవారు.

మా పని చెబితే నవ్వుతారు. మందు సీసాతోపాటు డబ్బాలో ఒక పల్చటి కాగితం ఉంటుంది చూడండి, ఎవరూ చదవని చిన్న అక్షరాల కాగితం, దాన్ని ఎనిమిది మడతలు పెట్టి పేర్చడమే మా పని. పొడుగాటి బల్లకు అటూ ఇటూ పన్నెండు మంది ఆడవాళ్ళం కూర్చుని పొద్దస్తమానం మడిచేవాళ్ళం. చేతులకు పని గాని తలకు పని లేదు. చేరిన నెలలోనే ఒక శుక్రవారం నేను సంచిలో దాచుకుని తెచ్చుకున్న వారపత్రిక మా ఖాలా కంట పడింది. ఖాలా అంటే మా బల్లకు పెద్ద, పటాన్‌చెరులోనే ఉండే ముసల్మాను ఇంటి మనిషి, అందరం ఆమెను ఖాలా, అంటే పిన్ని, అనే పిలిచేవాళ్ళం. ఆ బల్ల దగ్గర అక్షరం ముక్క వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. మడతలు మేం పెడతాం, నువ్వు చదువు బేటీ అని ఆమె నా ముందున్న కాగితాల కట్ట తీసి తలా కొంచెం పంచేసింది. ఆ రోజునుంచి శుక్రవారం వస్తే నా వాటా పని పదకొండు మంది చేసేవారు, నేను మహారాణిలా స్టూలు మీద కూర్చుని చదివేదాన్ని. సూపర్వైజరు చూసీ చూడనట్టు పోయేవాడు, ఎందుకంటే ఆ పూట ముచ్చట్లు ఉండేవి కావు, పని ఎక్కువ సాగేది.

ఆ సీరియల్లో ఒక రాకుమారి ఉండేది. మాంత్రికుడు రాయిగా మార్చిన తమ్ముణ్ణి బతికించుకోవడానికి ఏడు నదులు దాటిపోతుంటుంది. ఆ నదుల మీద ఒక పడవవాడు ఉండేవాడు. పుస్తకంలో అతనికి పేరు కూడా లేదు, పడవవాడు తెడ్డు వేశాడు, పడవవాడు తల ఊపాడు, అంతే. ఎవరూ పట్టించుకోకపోదురు గాని, ఒకరోజు బల్ల చివర కూర్చునే, మేం ఊరి పేరుతో పిలిచే గుమ్మడిదల అక్క మడత ఆపకుండానే, ఆ పడవాయన పొద్దుగాల ఏమన్న తిన్నడా లేదా అని అడిగింది. అందరూ నవ్వారు. నేను మాత్రం పత్రికలోకి చూస్తూ, చదువుతున్నట్టే నటిస్తూ, పడవవాడు జొన్నరొట్టె మూట విప్పి ఉల్లిగడ్డ చితక్కొట్టుకుని తిన్నాడు అన్నాను. అందులో ఒక్క ముక్క అచ్చులో లేదు. ఆ అక్క ముఖం వెలిగింది. ఇంకేం, నాకు రుచి తగిలింది.

గుమ్మడిదల అక్కకు అప్పటికి ముప్పై దాటి ఉంటాయి. పిల్లల్లేరు, అత్తతో ఉండేది. మొగుడు లారీ మీద క్లీనరుగా ఉండి, బొంబాయి రోడ్డున సరుకు దించి వస్తానని పోయినవాడు తిరిగి రాలేదు. లారీ వచ్చింది, డ్రైవరు వచ్చాడు, షోలాపూర్ దాటాక చాయ్ కోసమని దిగినవాడు మళ్ళీ కనబడలేదన్నాడు. పోలీసు స్టేషన్లు, ఆసుపత్రులు అన్నీ తిరిగారు, శవం దొరకలేదు, మనిషీ దొరకలేదు. ఆమె మాత్రం రోజూ చేతులనిండా గాజులతో, రూపాయి బిళ్ళంత బొట్టుతో వచ్చేది. మొగుడి మాట ఎత్తితే ఏడుస్తుందని మేం భయపడేవాళ్ళం గాని, ఏడవకపోగా, కుళాయి దగ్గర మేమిద్దరమే ఉన్నప్పుడు నాకు ఉత్సాహంగా చెప్పేది. బయటికి పోయేముందు ఏం తేవాలని అడిగి, ఒక్కొక్క వస్తువుకూ తువ్వాల కొసన ఒక్కొక్క ముడి వేసుకునేవాడట, మరిచిపోకుండా. చేతిలో పని ఉంటే ముక్కుతో సన్నగా పాట తీసేవాడట, పాట బాగుందంటే సిగ్గుపడి ఆపేసేవాడట. అన్నం తినే ముందు మొదటి ముద్ద ఆమెకు అందించేవాడట.

అవన్నీ నేను మెల్లగా పడవవాడికి తొడిగాను. ఒక శుక్రవారం పడవవాడు ముక్కుతో పాట తీశాడు, ఇంకో శుక్రవారం అవతలి ఒడ్డున అతనికి పెళ్ళాం ఉందని, ఆమె అడిగినవి మరిచిపోకుండా తువ్వాల కొసకు ముడులు వేసుకుంటాడని చదివాను. పేజీలో కళ్ళు పెట్టి, వేలు వరస వెంబడి జరుపుతూ, అచ్చంగా రాసినట్టే చెప్పేదాన్ని. రెండు మూడు నెలలు తిరిగేసరికి మా బల్ల దగ్గర రాకుమారి గొడవ ఎవరికీ పట్టలేదు, మాంత్రికుడు ఏ గంగలో దూకినా సరే, పడవాయన క్షేమంగా ఉన్నాడా లేదా అన్నదొక్కటే కావాలి. రొట్టె కాల్చుకుంటుంటే పడవాయన యాదికొచ్చిండని ఒకామె, మా ఆయనకు చూపిస్తా, మగోడంటే గట్లుండాలె అని ఇంకొకామె. గుమ్మడిదల అక్క మాత్రం ఏమీ అనేది కాదు, తల వంచుకుని మడతలు పెడుతూ నవ్వుకునేది. నేను ఆమెకు మేలు చేస్తున్నాననే అనుకున్నాను. మంచి పని చేస్తున్నామనుకున్నప్పుడు ఉండే గర్వం ఎంత చెడ్డదో పద్దెనిమిదేళ్ళకు ఎవరికి తెలుస్తుంది.

ఇంతలో ఆమె మొగుడు కనబడకుండా పోయి పన్నెండేళ్ళు నిండవచ్చాయి. మా వైపు ఆచారం, ఇల్లు విడిచిపోయినవాడి జాడ పన్నెండేళ్ళు చూస్తారు, ఆ తర్వాత మోదుగాకులతో మనిషి బొమ్మ కట్టి, దానికి దహనం చేసి, దినాలు చేసేస్తారు. ఆ తంతు అయితే పెళ్ళాం గాజులు, బొట్టు, మెట్టెలు తీసేయాల్సిందే. అత్త చెడ్డది కాదు, కన్నతల్లి, తన కళ్ళు మూతపడకముందే కొడుకును సాగనంపాలని, లేకపోతే వాడి ప్రాణం అన్నం లేక తిరుగుతుంటుందని రోజూ కోడలి కాళ్ళావేళ్ళా పడేది. ఈమె మొండికేసింది. సచ్చినట్టు చూసినోడు ఒక్కడు రానీ, అప్పుడు తీస్త గాజులు అనేది. ఆ మాట అన్నాక మా బల్ల దగ్గర అందరికీ ఒక నమ్మకం పడిపోయింది, పడవాయన ఇల్లు చేరితే ఈమె మొగుడు కూడా చేరతాడని. పైకి అనకపోయినా నేనూ అలాగే కథ నడిపిస్తున్నాను, వచ్చే నెలకల్లా పడవవాణ్ణి పెళ్ళాం దగ్గరికి చేర్చేద్దామని మనసులో ముహూర్తం కూడా పెట్టుకున్నాను.

ఆ శుక్రవారం బస్సు ఆలస్యమైంది. మామూలుగా బస్సులోనే ఒకసారి చదువుకుని, ఎక్కడ ఏం కలపాలో చూసుకునేదాన్ని, ఆ రోజు నిలబడి వచ్చాను కాబట్టి పత్రిక విప్పనేలేదు. సరాసరి స్టూలెక్కి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. ఆరో నది నడిమధ్యకు వచ్చేసరికి తుఫాను లేచింది, మాంత్రికుడు కొరడా ఝళిపించాడు, నేనూ ఊపు మీదున్నాను, నోరు ముందు, కళ్ళు వెనక. అలలు పడవను మింగేశాయి, పడవవాడు మునిగి ప్రాణం విడిచాడు, రాకుమారి ఈదుకుంటూ ఒడ్డు చేరింది అని చదివేశాను. చదివాక గాని ఏం చదివానో నాకు తెలియలేదు.

బల్ల దగ్గర కాగితాల చప్పుడు ఆగిపోయింది. ఒకామె నెత్తి మీద చేతులు పెట్టుకుంది. ఖాలా అలవాటున చావు మాట వినగానే అనే అరబ్బీ మాట అనేసి, అయ్యో కథలో మనిషికి అన్నానే అని చెంపలు వేసుకుని, వేసుకుంటూనే ఏడ్చింది. ఇంకొకామె ఆ కథ రాసినోని చేతులు పడిపోను, వాని ఇల్లు మునగ అని శాపనార్థాలు అందుకుంది. అప్పుడు గుమ్మడిదల అక్క లేచి నా స్టూలు దగ్గరికి వచ్చింది. పత్రిక వైపు చూడలేదు, నా మొహంలోకే చూసింది.

"నిజంగనే పోయిండా?"

ఏదైనా చెప్పి ఉండవచ్చు. ఆగు, ఇంకా పేజీ ఉందనవచ్చు, కొయ్యదుంగ పట్టుకుని తేలాడనవచ్చు, అన్ని నెలలు అబద్ధాలు అల్లినదానికి ఇంకొక్కటి బరువా? కాని నా కళ్ళ ముందు అచ్చక్షరాలున్నాయి, బెదిరిపోయి ఉన్నాను, ఆ ఒక్కసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"పోయిండక్కా. గిట్లనే ఉన్నది."

ఆమె తల ఊపి వెళ్ళి తన చోట కూర్చుంది. మధ్యాహ్నం ఎవరూ టిఫిన్ డబ్బాలు విప్పలేదు. ఆ పూట మడతపెట్టిన కాగితాల్లో సగం తలకిందులు మడతలే, సూపర్వైజరు వచ్చి చూసి అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. ఎవరు సచ్చిండ్రని గిట్ల కూసున్నరు అని అరిస్తే, పడవాయన సచ్చిండు సార్ అని ఖాలా ముక్కు చీదుకుంటూ చెప్పింది. ఆయన గొంతు తగ్గించి, అయ్యో, ఏ సెక్షన్ అని అడిగాడు. ఇంకో రోజైతే ఆ మాటకు ఏడాదిపాటు నవ్వుకునేవాళ్ళం.

మర్నాడు ఖాలాయే ఉపాయం చెప్పింది. రాసినాయనకే ఉత్తరం రాద్దాం, మనిషన్నవాడికి దయ ఉండదా, బతికించమందాం అంది. నేను కలం పట్టుకున్నాను, వాళ్ళు చుట్టూ నిలబడి చెబుతున్నారు. అయ్యా, తువ్వాలకు ముడులు వేసుకునే మనిషిని ఎట్ల సంపినవు, ముక్కుతోని అంత మంచిగ పాడేటోడు, మొదటి ముద్ద పెండ్లానికి పెట్టేటోడు, ఆయన కోసం ఒడ్డున ఎదురుచూసే ఆడమనిషికి ఇగ ఏమని జెప్తవు. వాటిలో ఒక్కటీ ఆయన రాసింది కాదని తెలిసి కూడా నేను ఒక్క ముక్క వదలకుండా రాశాను. ఎందుకు రాశానంటే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను, అలా రాస్తే ఆయన మనసు కరుగుతుందనుకున్నానేమో. డబ్బాల మీద నంబరు వేసే ఊదా సిరా ప్యాడు తెచ్చి అందరూ కింద వేలిముద్రలు వేశారు. గుమ్మడిదల అక్క వేయలేదు. ఎంత బతిమాలినా, నాకెందుకు అని కుళాయి దగ్గరికి లేచిపోయింది. బాధ ఎక్కువై అలా చేసిందనుకున్నాను.

కంపెనీ గేటు దగ్గర ఉత్తరాలు విప్పి చూస్తారని మా ఇంటి చిరునామా ఇచ్చాను. మూడు వారాలకు జవాబు వచ్చింది. నాకు అచ్చుపత్రికలో పేరు పడే మనిషి చేతిరాత చూడటం అదే మొదటిసారి, మేడ మీదికి తీసుకుపోయి ఒంటరిగా చదువుకున్నాను. ఆయన ఎంతో మర్యాదగా రాశాడు. మా ఉత్తరం చూసి ఆశ్చర్యపోయి తన పాత ప్రతులన్నీ తిరగేశాడట, పడవవాడి గురించి తాను రాసింది మొత్తం కలిపితే అరపేజీ లేదట, తువ్వాల గాని, పాట గాని, ఒడ్డున భార్య గాని తన కథలో ఎక్కడా లేరట. ఆ మనిషి నావాడు కాదమ్మా, మీలోనే ఎవరో ఆయనకు ప్రాణం పోశారు, నా నదిలో మునిగినవాడు వేరు, మీవాడు వేరు, మీవాణ్ణి మీరే ఒడ్డుకు చేర్చుకోండి, అందుకు నా అనుమతి అక్కర్లేదు అని ముగించాడు.

ఇంతకంటే వరం ఎవరైనా ఇస్తారా? ఆ ఉత్తరం తీసుకుపోయి చదివి వినిపిస్తే చాలు. అది కూడా అక్కర్లేదు, పడవాయన దొరికాడట అని ఒక్క మాట అంటే చాలు. కాని ఉత్తరం చదివితే ఇన్ని నెలలూ నేను పుస్తకంలో లేనిది ఉన్నట్టు చదివానని బయటపడుతుంది. అబద్ధాలకోరు అంటారు, స్టూలు మీంచి దించి బల్ల దగ్గర కూర్చోబెడతారు, నన్ను చూసి నవ్వుతారు. పద్దెనిమిదేళ్ళ పిల్లకు పరువును మించిన భయం ఉండదు. ఉత్తరాన్ని మా పెట్టెలో లంగావోణీల అడుగున పెట్టి, జవాబు రాలేదని చెప్పాను. వచ్చే వారం సీరియల్లో సందు చూసుకుని పడవవాణ్ణి తేల్చేద్దాంలే అనుకున్నాను. ఆ వారం సందు దొరకలేదు, రాకుమారి గుహలో ఉంది, అక్కడ నీళ్ళే లేవు. పై వారం చేద్దాం, ఇప్పుడే చేస్తే అతికినట్టుండదు అనుకున్నాను. అలా నా చేతుల్లో ఉన్న రెండు శుక్రవారాలు జారవిడుచుకున్నాను.

మూడో వారం గుమ్మడిదల అక్క పనికి రాలేదు. అత్తకు బాగా లేదేమో అనుకున్నాం. పన్నెండో రోజున, అందరం బల్ల దగ్గర కూర్చున్నాక, ఆమె వచ్చి తన చోట కూర్చుని కాగితాల కట్ట ముందుకు లాక్కుంది. చేతులు బోసిగా ఉన్నాయి. ఇన్నాళ్ళూ మడత పెట్టినప్పుడల్లా గలగలమనే ఆ గాజుల చప్పుడుకు మేం ఎంత అలవాటు పడ్డామో, అది లేకపోయేసరికి తెలిసింది. నుదుటి మీద బొట్టు ఉండే చోట చర్మం తెల్లగా, గుండ్రంగా కనబడుతోంది. ఖాలా లేచి వెళ్ళి ఆమె తలను తన కడుపుకు ఆనించుకుని చాలాసేపు నిలబడింది. నేను అక్కడ ఉండలేక కుళాయి దగ్గరికి పోయి, మొహం కడుక్కుంటున్నట్టు నటిస్తూ ఏడ్చాను. అది జాలితో వచ్చిన ఏడుపే గాని, అందులో నా పాలెంతో అప్పటికింకా నాకు తెలియదు.

తర్వాత కూడా చదవడం మానలేదు. రాకుమారి తమ్ముణ్ణి బతికించుకుంది, సీరియల్ అయిపోయింది, ఇంకోటి మొదలైంది. నేను మాత్రం మళ్ళీ ఒక్క మాట సొంతంగా కలపలేదు, ఉన్నది ఉన్నట్టు గడగడా చదివి దిగిపోయేదాన్ని. ఇదివరకటి లెక్క లేదు పిల్లా, ఉప్పు లేని కూర తీరుగ చదువుతున్నవ్ అని వాళ్ళు సణిగేవారు. ఏడాది తిరక్కుండా నాకు పెళ్ళి కుదిరింది. ఆఖరి రోజు అందరూ కలిసి నాకు స్టీలు క్యారేజీ కొనిచ్చి, కళ్ళనీళ్ళు పెట్టుకుని పంపారు. గుమ్మడిదల అక్క మాత్రం బస్సుదాకా నాతో నడిచి వచ్చింది. షెడ్డు దాటి, గేటు దగ్గరి నీడలోకి వచ్చాక ఆగింది.

"ఇగ పోతున్నవ్ గద. ఒక్క మాట అడుగుత, దాయకుంట జెప్పు. మా ఆయన సంగతి నీకు ఎవరు జెప్పిండ్రు?"

నాకు అర్థం కాలేదు. నాకెవరు చెబుతారక్కా అన్నాను.

"తువ్వాల ముడి నేను జెప్పిందే. ముక్కుతోని పాట నేను జెప్పిందే. గవన్ని పుస్తకంల ఎట్లుంటయ్ పిల్లా, నేనేమన్న ఎర్రిదాన్నా? పడవాయనను నడిపిస్తున్నది నువ్వేనని నాకు మొదటి నుంచి ఎర్కనే. మంచిగనిపించేది, అందుకే అనలె. మరి గట్ల నడిపించినదానివి నువ్వే ముంచినవంటే, నీకేదో ఎర్కైంది, సదువుకున్న పిల్లవు, పేపర్ల సూసినవో, ఎవరన్న జెప్పిండ్రో, నా మొఖం మీద అనలేక కథల పెట్టి జెప్పినవనుకున్న. మొఖం సూసి అడిగిన గద, పోయిండన్నవ్. గందుకే అత్తమ్మకు సరే అన్న."

ఆమె వేలిముద్ర వేయకుండా ఎందుకు లేచిపోయిందో అప్పుడు అర్థమైంది. ముంచింది నేనే అయినప్పుడు ఎవరికో ఉత్తరం రాయడం ఆమెకు పిచ్చిపనిగా కనబడి ఉంటుంది. క్యారేజీ కింద పెట్టి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. లేదక్కా, అన్నీ నేను కలిపినవే, ఆ ఒక్క మాట మాత్రం పుస్తకంలోదే, నాకు ఏమీ తెలియదు, నేను చూసుకోకుండా చదివేశాను అని ఏడుస్తూ చెప్పాను. పెట్టె అడుగున ఉన్న ఉత్తరం సంగతి మాత్రం అప్పుడు కూడా నోరు పెగలలేదు.

ఆమె తిడుతుందనుకున్నాను, కొట్టినా పడి ఉండేదాన్ని. ఆమె మాత్రం రోడ్డు మీద బొంబాయి వైపు పోయే లారీల కేసి చూస్తూ నిలబడింది.

"అయితే నీకు గూడ ఎర్క లేదన్నట్టు," అంది.

అంతే. బస్సు వచ్చింది. క్యారేజీ ఎత్తి నా చేతికిచ్చి, నా కొంగు సరిచేసి, జాగ్రత్త బిడ్డా అని ఎక్కించింది. ఆ తర్వాత ఆమెను నేను చూడలేదు. ఒకటి రెండుసార్లు గుమ్మడిదల దాకా పోదామనుకున్నాను, పోయి ఏం చేస్తాను? ఊరంతా చూస్తుండగా దహనం చేసిన మనిషిని వెనక్కి తెచ్చుకునే ఆచారం మా వైపు ఏ ఊళ్ళోనూ లేదు. పొరపాటున చేశాం, గాజులు మళ్ళీ వేసుకుంటానంటే ఎవరొప్పుకుంటారు? బతికున్నాడేమోనన్న ఆమె ఆశ తెంచి, అంతా అయిపోయాక ఆ అనుమానాన్నే మళ్ళీ ఆమె చేతికిచ్చి వచ్చాను. ఆమె మొగుడు బతికే ఉన్నాడేమో, ఏ ఊళ్ళో ఎవరి లారీ కడుగుతున్నాడో, ఎప్పుడో చచ్చిపోయాడో, ఎవరికీ తెలియదు. తెలియకుండా ఎదురుచూడటం ఒక బతుకు. ఆశ తెంచుకున్నాక, తెంచినవాళ్ళకే ఏమీ తెలియదని తెలుసుకుని బతకడం ఎలాంటిదో, ఇన్నేళ్ళలో ఎన్నోసార్లు ఊహించుకోబోయి మధ్యలోనే మానుకున్నాను.

ఇప్పుడు అక్కడ ఆ షెడ్డు లేదు, గోదాములు వచ్చాయి. కాగితాలు మిషన్లే మడుస్తాయట. సాయంత్రం సంగారెడ్డి బస్సులో పనుల మీంచి వచ్చే ఆడపిల్లల్ని చూస్తుంటాను, ఎవరి చెవుల్లో వాళ్ళ తీగలు, ఎవరి ఫోనులో వాళ్ళ కథ, పక్క సీటులోని పిల్ల ఎందుకు కళ్ళు తుడుచుకుంటోందో ఈమెకు తెలియదు, అడగదు. ఒకరి కోసం పదకొండు మంది పని చేసిపెట్టి, ఒక్క గొంతుకు చెవులప్పగించి, లేని మనిషి కోసం అందరూ అన్నం మానేసిన ఆ మధ్యాహ్నాలు మళ్ళీ రావు. ఆ రోజులే మంచివని మన ఈడువాళ్ళందరం అంటాం, నలుగురిలో కూర్చున్నప్పుడు నేనూ అంటాను. అలా అన్న ప్రతిసారీ లోపల ఎక్కడో కలుక్కుమంటుంది. ఎందుకంటే ఆ మంచి రోజుల్లోనే, చదువుకున్న పిల్ల చెప్పింది కదా అని, ఒక మనిషి తన మొగుణ్ణి మోదుగాకులతో కట్టి కాల్చుకుంది.